కాల్షియం శోషకాలు: సున్నంతో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టడం

పొగలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను ఒక వేడి దగ్గర పట్టుకుని, అంతకన్నా ఎక్కువ వేడి దగ్గర వదిలిపెట్టే సున్నపు పదార్థాలను కాల్షియం శోషకాలు అంటారు. వీటిలో అన్నిటికన్నా చవకైనది, ఎక్కువగా పరిశోధించినది మామూలు సున్నపురాయి. రాయిని కాల్చితే పొడి సున్నం (కాల్షియం ఆక్సైడ్) మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఆ సున్నాన్ని పొగలో పెడితే పోయిన వాయువునే మళ్ళీ పట్టుకుని రాయిగా మారుతుంది. ఈ రెండు పనులనూ చక్రంలా మళ్ళీ మళ్ళీ చేయిస్తే పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి, శుద్ధమైన ధారగా ఒకచోటికి చేర్చవచ్చు. ఈ పద్ధతికి కాల్షియం లూపింగ్ అని పేరు.

ఇందులోని రసాయన చర్య బడిపిల్లలకు కూడా తెలిసినదే. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడుతుంది. గోడకు వేసిన వెల్ల ఏళ్ళ తరబడి గాలిని పీల్చి గట్టిపడుతుంది. చిక్కంతా మళ్ళీ మళ్ళీ చేయించడంలో ఉంది. మొదటిసారి చురుకుగా పనిచేసిన సున్నం పదోసారికి నీరసపడుతుంది, యాభయ్యోసారికి దాదాపు చేతులెత్తేస్తుంది. ఆ నీరసం ఎందుకు వస్తుంది, దాన్ని ఎలా ఆపాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే గత పాతికేళ్ళ పరిశోధన తిరిగింది.

చర్య, లెక్కలు

వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కాల్చితే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. తిరిగి చూస్తే గ్రాము సున్నం గరిష్ఠంగా 0.786 గ్రాముల వాయువును పట్టగలదు. ఘన శోషకాలలో ఇది చాలా పెద్ద సంఖ్య. పట్టేటప్పుడు మోల్‌కు సుమారు 178 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది, వదిలించడానికి అంతే వేడి పెట్టాలి. కిలో కార్బన్ డయాక్సైడ్‌కు ఇది నాలుగు మెగాజౌళ్ళ దాకా తేలుతుంది. చూడటానికి భారీ ఖర్చే. అయితే పట్టే దశలో బయటికొచ్చే వేడి 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది కాబట్టి దానితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుకోవచ్చు. అమైన్ ద్రావణాలతో పొగను కడిగే పద్ధతిలో పెట్టిన వేడి చివరికి గోరువెచ్చని నీళ్ళలో కలిసిపోతుంది. కాల్షియం పద్ధతికి ఉన్న అసలు ఆకర్షణ ఈ తేడాలోనే ఉంది.

చర్య ఏ దిక్కుకు నడవాలో వేడి, వాయుపీడనం కలిసి నిర్ణయిస్తాయి. 650 డిగ్రీల దగ్గర సున్నం మీద నిలవగలిగే కార్బన్ డయాక్సైడ్ పీడనం వాతావరణ పీడనంలో నూరో వంతు మాత్రమే. బొగ్గు పొగలో ఆ వాయువు పది నుంచి పదిహేను శాతం ఉంటుంది కనుక తొంభై శాతం పైగా పట్టుకోవడానికి వీలుంది. 900 డిగ్రీల దగ్గర ఆ పీడనం ఒక వాతావరణ పీడనానికి చేరుతుంది. శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్ కావాలంటే బట్టీ అంతకన్నా వేడిగా, 920 డిగ్రీలో ఇంకాస్త ఎక్కువో ఉండాలి. సున్నానికి కష్టాలు మొదలయ్యేది అక్కడే.

పద్ధతి పుట్టుక

వేడి వాయువులోంచి కార్బన్ డయాక్సైడ్‌ను సున్నంతో లాగేయాలన్న ఊహ పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చింది. 1867లో ద్యుమోతె, మరెషాల్ అనే ఇద్దరు, బొగ్గును వాయువుగా మార్చే పనిలో సున్నం కలిపే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం అరవైలు, డెబ్భైలలో అమెరికాలోని కన్సాలిడేషన్ కోల్ కంపెనీ ఇదే సూత్రాన్ని లిగ్నైట్ బొగ్గు మీద పెద్ద ఎత్తున ప్రయత్నించి, దక్షిణ డకోటాలోని రాపిడ్ సిటీలో పైలట్ కర్మాగారం నడిపింది. వాళ్ళకు కావలసింది ఇంధన వాయువు. వాతావరణం వేడెక్కుతుందన్న బెంగ అప్పటికి పరిశ్రమలో లేదు.

సున్నం నీరసపడుతుందన్న సంగతిని 1973లో బార్కర్ స్పష్టంగా కొలిచి చూపించాడు. రాయికీ సున్నానికీ మధ్య చర్య పుస్తకాల్లో రాసినంత నిండుగా తిరగబడదనీ, చక్రం చక్రానికీ పట్టే మోతాదు తగ్గుతుందనీ ఆయన పరిశీలన. చాలా చిన్న రేణువులలో ఆ నష్టం తక్కువన్నది కూడా ఆయనే గమనించాడు. తర్వాతి నానో పరిశోధనలన్నిటికీ బీజం ఆ చిన్న గమనికలోనే ఉందనవచ్చు.

కరెంటు కేంద్రాల పొగకు ఈ పద్ధతిని నేటి రూపంలో ప్రతిపాదించినది జపాన్‌లోని షిమిజు బృందం, 1999లో. రెండు ఫ్లూయిడైజ్డ్ బెడ్ రియాక్టర్లు పక్కపక్కన ఉంటాయి. కింది నుంచి వాయువు ఊదడం వల్ల లోపలి పొడి మరుగుతున్న నీళ్ళలా కదులుతూ ఉంటుంది. ఒకదానిలో 650 డిగ్రీల దగ్గర సున్నం పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పడుతుంది. అక్కడి నుంచి రెండోదానిలోకి వెళ్ళి 900 డిగ్రీల పైన దాన్ని వదిలి, తిరిగి మొదటిదానికి వస్తుంది. రెండోదానికి వేడి అందించడానికి బొగ్గును గాలితో కాక ఆక్సిజన్‌తో మండించాలి, లేకపోతే బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో గాలిలోని నైట్రోజన్ కలిసిపోతుంది. గాలిలోంచి ఆక్సిజన్ తీయడానికి ఖర్చవుతుంది. కాబట్టి సున్నం ఎంత బాగా పట్టుకుంటే, తిప్పవలసిన పొడి అంత తగ్గుతుంది, దాన్ని వేడెక్కించే ఇంధనం తగ్గుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. శోషకాన్ని మెరుగుపరచడం డబ్బు మాటగా మారేది ఈ గొలుసు వల్లనే.

సున్నం ఎందుకు నీరసపడుతుంది

సున్నపురాయిలోంచి వాయువు పోయినప్పుడు రేణువు బయటి కొలత పెద్దగా మారదు, లోపల మాత్రం ఖాళీ పడుతుంది. ఒక మోల్ రాయి ఆక్రమించే చోటు సుమారు 37 ఘన సెంటీమీటర్లు, అందులోంచి పుట్టిన సున్నానికి 17 చాలు. అంటే తాజాగా కాల్చిన సున్నపు రేణువులో సగానికి పైగా సన్నని రంధ్రాలే. వాయువు ఈ రంధ్రాల గుండా లోపలికి వెళ్ళి గోడలతో చర్య జరుపుతుంది. గోడ మీద రాయి పొర ఏర్పడుతుంది. సున్నం కన్నా రాయికి రెట్టింపు పైగా చోటు కావాలి కనుక సన్నని రంధ్రాలు త్వరగా పూడిపోతాయి.

మొదటి కొద్ది క్షణాలు చర్య పరుగులు తీస్తుంది. రాయి పొర సుమారు 50 నానోమీటర్ల మందానికి రాగానే హఠాత్తుగా మందగిస్తుంది. ఆ తర్వాత వాయువు ఘనపు పొరను దాటి లోపలి సున్నాన్ని చేరాలి, అది నత్తనడక. కాబట్టి ఒక చక్రంలో ఎంత పట్టుకుంటుందన్నది రేణువులో సున్నం ఎంత ఉందన్న దాని మీద కన్నా, దాని లోపలి ఉపరితలం ఎంత మిగిలి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఉపరితలం నిలవదు. ఏ ఘనపదార్థమైనా తన ద్రవీభవన ఉష్ణోగ్రతలో సగం దాకా, అదీ కెల్విన్‌లలో, వేడెక్కితే దాని రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కోవడం మొదలవుతుంది. దీన్నే సింటరింగ్ అంటారు. మట్టి పాత్ర కాలి గట్టిపడేది ఇలాగే. కుమ్మరికి వరమైనది ఇక్కడ శాపం. కాల్షియం ఆక్సైడ్ 2600 డిగ్రీల దాకా కరగదు కనుక దానికి కొంత తట్టుకునే శక్తి ఉంది. కాల్షియం కార్బొనేట్ మాత్రం 500 డిగ్రీలు దాటగానే మెత్తబడి అతుక్కోవడం మొదలుపెడుతుంది. బట్టీలో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఉంటే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. సన్నని రంధ్రాలు కలిసిపోయి లావు రంధ్రాలవుతాయి, మొత్తం ఉపరితలం కుంచించుకుపోతుంది.

స్పెయిన్‌లోని ఒవియెడోలో అబనాదెస్ బృందం ఈ క్షీణతను ఏళ్ళ తరబడి కొలిచింది. 2006లో గ్రాసా, అబనాదెస్ ఐదు వందల చక్రాల దాకా పరీక్షించి ఒక సరళమైన సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం మొదటి చక్రం తర్వాత సున్నంలో 70 శాతం పనిచేస్తే, పదో చక్రానికి 23 శాతం, ఇరవయ్యోదానికి 16 శాతం, యాభయ్యోదానికి 11 శాతం పనిచేస్తుంది. చివరికి ఏడు ఎనిమిది శాతం దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి ఎన్ని చక్రాలైనా పెద్దగా పడిపోదు. రాళ్ళ గనులు వేరైనా, దేశాలు వేరైనా, ఈ వంపు దాదాపు ఇలాగే ఉండటం విశేషం.

టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను మోయడానికి మొదటి చక్రంలో 1.8 టన్నుల సున్నం చాలు. పదో చక్రంలో 5.4 టన్నులు కావాలి. నూరో చక్రంలో 13 టన్నులు దాటుతుంది. ఆ 13 టన్నుల్లో చాలా భాగం ఏ పనీ చేయకుండా వేడెక్కడానికీ చల్లారడానికీ మాత్రమే తిరుగుతూ ఉంటుంది.

మెరుగుపరిచే దారులు

అన్నిటికన్నా తేలికైన దారి, పాత సున్నాన్ని కొంత తీసేసి కొత్త రాయిని కలపడం. రాయి చవక. కాని కొత్త రాయి కాలేటప్పుడు తనలోని 44 శాతం వాయువును కూడా వదులుతుంది, దాన్నీ పట్టాలి, దానికీ వేడి పెట్టాలి. అందుకని ఉన్న సున్నం ఆయుష్షు పెంచాలన్న ప్రయత్నాలు మొదలయ్యాయి.

నీళ్ళతో బ్రతికించడం వాటిలో పాతది. పొడి సున్నం మీద నీళ్ళు చల్లితే బుసబుస పొంగి, వేడెక్కి, పిండిగా విచ్చిపోవడం సున్నం తయారుచేసే వాళ్ళు రోజూ చూసేదే. అదే జబ్బుపడ్డ శోషకం విషయంలో మందుగా పనిచేస్తుంది. తడి సున్నంగా మారేటప్పుడు రేణువు ఉబ్బి పగుళ్ళు పడుతుంది. తర్వాత నీటిని తరిమేస్తే కొత్త రంధ్రాలు మిగులుతాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫాన్ బృందం ప్రతి చక్రంలోనూ ఈ నీటి దశను చేర్చి పద్ధతిని రూపొందించింది. లోపం కూడా అందులోనే ఉంది. పగిలిన రేణువు పెళుసు. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో ఒకదానితో ఒకటి ఒరుసుకుని దుమ్మై పొగతో పాటు ఎగిరిపోతుంది.

అంత దూరం వెళ్ళకుండా, పట్టే దశలోనూ కాల్చే దశలోనూ కాస్త నీటి ఆవిరిని ఉంచితే చాలునని 2012లో ఇంపీరియల్ కాలేజీలోని ఫెనెల్‌తో కలిసి డొనాట్, ఫ్లోరిన్, ఆంథొనీ చూపించారు. ఆవిరి సింటరింగ్‌ను పెంచుతుందన్నది నిజమే. అయితే దానివల్ల మిగిలే కాస్త లావు రంధ్రాలు త్వరగా పూడవు, పైగా రాయి పొరలో వాయువు కదలిక సులభమవుతుంది. ఈ రెండింటి లాభం నష్టాన్ని మించింది. పొగలో నీటి ఆవిరి ఎలాగూ ఉంటుంది. అంటే పొడి వాయువులతో చేసిన చాలా ప్రయోగాలు సున్నాన్ని ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేశాయన్న మాట.

కెనడాలోని ఒట్టావాలో మనోవిచ్, ఆంథొనీ వేరే దారి పట్టారు. సున్నాన్ని ముందే వెయ్యి డిగ్రీల పైన చాలాసేపు కాల్చి పెడితే మొదటి చక్రంలో చాలా తక్కువ పడుతుంది. ఆ తర్వాత మాత్రం చక్రం చక్రానికీ పట్టే మోతాదు తగ్గడానికి బదులు పెరగడం కనిపించింది. ముందుగా గట్టిపడిన లోపలి అస్థిపంజరం అలాగే నిలిచి, దాని మీద పై పొర మాత్రమే రాయిగా మారుతూ సున్నమవుతూ ఉంటుందని వాళ్ళ వివరణ. అన్ని రాళ్ళూ ఇలా ప్రవర్తించలేదు. ఎందుకన్నదానికి మలినాలు ఒక కారణం.

అబనాదెస్ బృందమే 2012లో ప్రతిపాదించిన రీకార్బొనేషన్ ఉపాయం ఇంకా సూక్ష్మమైనది. పట్టే రియాక్టర్ నుంచి బయటికొచ్చిన సున్నాన్ని నేరుగా బట్టీకి పంపకుండా, మధ్యలో కాసేపు గాఢమైన కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచుతారు. నత్తనడక దశలో జరిగే ఆ కొద్ది చర్య, బట్టీలో పోయే ఉపరితలాన్ని తిరిగి భర్తీ చేస్తుంది. చివరికి మిగిలే చురుకుదనం ఏడెనిమిది శాతం దగ్గర ఆగకుండా అంతకు దాదాపు రెండింతల దగ్గర నిలిచింది. కొత్త పదార్థమేదీ కలపలేదు. రాయి అదే, దాని చేత పని చేయించే తీరు మాత్రం మారింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇది.

రసాయనికులకు ఎక్కువగా నచ్చిన దారి మాత్రం ఆధారాలు కలపడం. సున్నపు రేణువుల మధ్య వేడికి అతుక్కోని, కార్బన్ డయాక్సైడ్‌తో చర్య జరపని మరో ఆక్సైడ్‌ను ఇరికిస్తే అది తడికలా అడ్డుపడి వాటిని కలవనివ్వదు. 2005లో చైనాలోని సింఘ్వా విశ్వవిద్యాలయంలో లీ, సాయి బృందం కాల్షియం అల్యూమినేట్‌ను, అంటే మేయనైట్‌ను, ఇలా వాడింది. నాలుగింట మూడు వంతుల సున్నం, ఒక వంతు మేయనైట్. ఆధారం ఏమీ పట్టదు కాబట్టి గ్రాముకు గరిష్ఠ సామర్థ్యం 0.786 నుంచి 0.59కి పడిపోతుంది, కాని ఆ తగ్గింపు ఒక్కసారే. మేయనైట్‌కు ఒక బలహీనత ఉంది. బాగా వేడెక్కితే అది పక్కనున్న సున్నాన్నే తినేసి ట్రైకాల్షియం అల్యూమినేట్‌గా మారుతుంది. కాపలాగా పెట్టినవాడే ధాన్యం మేసినట్టు.

మెగ్నీషియం ఆక్సైడ్‌కు ఆ దోషం లేదు, అది సున్నంతో కలిసి వేరే సమ్మేళనం ఇవ్వదు. పైగా డోలమైట్ రాయిలో ప్రకృతి ఈ రెండింటినీ ముందే అణుస్థాయిలో కలిపి పెట్టింది. 650 డిగ్రీల దగ్గర మెగ్నీషియం వాయువును పట్టదు, ఊరికే ఆధారంగా నిలుస్తుంది. కాల్చిన డోలమైట్ గ్రాముకు గరిష్ఠంగా 0.457 గ్రాములే పట్టగలిగినా, పది పదిహేను చక్రాలయ్యేసరికి సున్నపురాయిని దాటిపోతుంది. దీని రేణువులు త్వరగా అరిగిపోవడం మాత్రం ఇబ్బంది. జిర్కోనియంతో చేసిన ఆధారం ఇంకా స్థిరమైనది, ఖరీదు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

రేణువు ఆకారాన్నే కొత్తగా కట్టడం మరో దారి. జూరిక్‌లోని ఈటీహెచ్‌లో మ్యూలర్ బృందం 2018లో కార్బన్ గోళాలను అచ్చుగా వాడి, వాటి చుట్టూ సున్నం, మెగ్నీషియం పొరలు పేర్చి, అచ్చును కాల్చేసి, ఒకదానిలో ఒకటి ఉన్న బోలు గోళాలను తయారుచేసింది. గోడల మందం నానోమీటర్లలో ఉంటుంది కనుక వాయువు ఎక్కడికైనా చేరుతుంది, ఉబ్బే రాయికి లోపలి బోలు చోటిస్తుంది. పదార్థశాస్త్రంగా చూస్తే అందమైన పని. టన్నుల లెక్కన తయారుచేయాలంటే ఏమవుతుందో ఆలోచిస్తే ఆ అందం కాస్త మసకబారుతుంది.

సోడియం, పొటాషియం లవణాలు పూయడం, రాయిని పలుచని హైడ్రోబ్రోమిక్ ఆమ్లంలో తడపడం, ఎసిటిక్ ఆమ్లంతో శుద్ధి చేయడం వంటివీ జరిగాయి. కొద్ది మోతాదు మేలు చేస్తుంది, మోతాదు మించితే లవణం కరిగి రంధ్రాలను పూడ్చేస్తుంది.

కొలతల సంగతి

ఈ రంగంలో ప్రచురితమైన ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చడం ప్రమాదం. చాలా ప్రయోగాలు కొద్ది మిల్లీగ్రాముల పొడిని థర్మోగ్రావిమెట్రిక్ తూకయంత్రంలో పెట్టి, నైట్రోజన్‌లో 750, 800 డిగ్రీల దగ్గర మెల్లగా కాల్చి చేసినవి. అంత సుతారంగా చూసుకుంటే ఏ శోషకమైనా బాగానే పనిచేస్తుంది. అసలు బట్టీలో శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్, 920 డిగ్రీల పైన వేడి ఉంటాయి. ఆ స్థితిలో పరీక్షిస్తే గొప్పగా చెప్పుకున్న పదార్థాలలో చాలావాటికి మామూలు రాయితో తేడా తగ్గిపోతుంది. పట్టే దశకు అరగంట వ్యవధి ఇవ్వడం కూడా అలాంటి ఔదార్యమే, ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో సున్నానికి దొరికేది కొద్ది నిమిషాలే. మరొకటి, గ్రాము శోషకానికి లెక్క చెబుతున్నారా, గ్రాము సున్నానికి చెబుతున్నారా అన్నది చూసుకోవాలి. ఆధారం బరువును లెక్కలోంచి జారవిడిస్తే సంఖ్య ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

గంధకం, బూడిద

బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌తో సున్నం కలిస్తే కాల్షియం సల్ఫేట్ పుడుతుంది. ఈ ఉష్ణోగ్రతల దగ్గర అది విడిపోదు, రంధ్రాల మీద మూతలా కూర్చుంటుంది. గంధకం తక్కువగా ఉండే గోదావరి లోయ బొగ్గుకు ఈ బాధ కొంత తక్కువే, కాని ఆ బొగ్గులో బూడిద ఎక్కువ. బట్టీలో మండించిన బొగ్గు బూడిద సున్నంతో పాటు తిరుగుతూ పేరుకుపోతుంది, దాన్ని తీసేయడానికి మంచి సున్నాన్ని కూడా తీసి పారేయవలసి వస్తుంది. ఖరీదైన కృత్రిమ శోషకానికి ఇది దాదాపు మరణశాసనం. పారేయక తప్పనప్పుడు పారేసేది చవకగా ఉండాలి.

పైలట్ కేంద్రాలు, సిమెంటు

స్పెయిన్‌లోని అస్తురియాస్ ప్రాంతంలో లా పెరెదా బొగ్గు విద్యుత్కేంద్రం పక్కన 1.7 మెగావాట్ల ఉష్ణసామర్థ్యంతో, జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒక మెగావాట్ స్థాయిలో నడిచిన కేంద్రాలు, వందల గంటల పాటు తొంభై శాతం దరిదాపుల్లో పట్టగలమని నిరూపించాయి. ఇవన్నీ మామూలు సున్నపురాయితోనే నడిచాయి. తైవాన్‌లోని హువాలియెన్‌లో 2013లో ప్రారంభించిన 1.9 మెగావాట్ల కేంద్రం మాత్రం సిమెంటు కర్మాగారాన్ని ఆనుకుని కట్టినది. ఇటలీలోని వెర్నాస్కాలో యూరోపియన్ యూనియన్ సహాయంతో చేపట్టిన క్లీన్‌కర్ పథకం కూడా సిమెంటు బట్టీ మీదే.

సిమెంటు వైపు మొగ్గడానికి గట్టి కారణం ఉంది. సిమెంటు పరిశ్రమ వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు అరవై శాతం ఇంధనం నుంచి రాదు, రాయిలోంచే వస్తుంది. సౌరశక్తితో బట్టీ నడిపినా ఆ భాగం తగ్గదు. మరోవైపు, శోషకంగా నీరసించిన సున్నం సిమెంటుకు ముడిసరుకుగా పూర్తిగా పనికొస్తుంది. అప్పటికే కాలిన సున్నం కనుక దానిలోంచి మళ్ళీ వాయువు రాదు. ఒకరి చెత్త మరొకరి సరుకు అయినప్పుడు శోషకం ఆయుష్షు గురించి అంతగా బెంగపడనక్కర్లేదు. సున్నపురాయి పరచుకున్న పల్నాడు, నల్లగొండ, కర్నూలు, కడప ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు, పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు ఉన్నాయి. ఈ పద్ధతికి కావలసిన రాయి, కాలిన సున్నాన్ని కొనే వాడు, పట్టవలసిన పొగ అన్నీ పక్కపక్కనే ఉన్న నేలలివి.

ఇతర ఉపయోగాలు

సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు అదే పాత్రలో సున్నం ఉంచితే పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను అప్పటికప్పుడు లాగేసి చర్యను హైడ్రోజన్ వైపు నెడుతుంది. ఎండతో సున్నం కాల్చి, రాత్రి వాయువును పట్టించి ఆ వేడితో కరెంటు తీయాలన్న ప్రయత్నం స్పెయిన్‌లోని సెవిల్యాలో జరిగింది.

గాలిలోంచి నేరుగా పట్టడం ఇటీవలి మలుపు. ఎయిర్లూమ్ అనే అమెరికన్ కంపెనీ కాలిఫోర్నియాలోని ట్రేసీలో 2023లో ఏడాదికి వెయ్యి టన్నుల సామర్థ్యంతో కేంద్రం తెరిచింది. తడి సున్నాన్ని పళ్ళాలలో పలుచగా పరిచి గాలికి పెడతారు. మూడు రోజుల్లో అది రాయిగా మారుతుంది, దాన్ని విద్యుత్ బట్టీలో కాల్చి వాయువును తీసి, మిగిలిన సున్నాన్ని నీళ్ళతో తడిపి తిరిగి పళ్ళాలలోకి చేరుస్తారు. పట్టే దశ మామూలు గాలి వేడి దగ్గరే జరుగుతుంది, ప్రతి చక్రంలోనూ నీళ్ళు పడతాయి కనుక సున్నం ఎప్పటికప్పుడు విచ్చుకుంటుంది. కాల్చే బట్టీ మాత్రం 900 డిగ్రీల దగ్గరే ఉంది.